మొక్కల లైట్ల కింద రోజూ ఆరు గంటల పని: కళ్లకు ఏ అద్దాలు కొనాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మేడ మీద గదిలో నాలుగు ర్యాకులు పెట్టి లెట్యూస్ (సలాడ్ ఆకు), మైక్రోగ్రీన్స్ (లేత మొలకల ఆకుకూర) పెంచుతున్నారు. ఊదారంగు ఎల్ఈడీ లైట్లు రోజుకు పదహారు గంటలు వెలుగుతాయి. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఆ వెలుగులోనే విత్తనాలు చల్లడం, కోయడం, ట్రేలు మార్చడం. సాయంత్రానికి కళ్లు మంట, కణతల్లో నొప్పి. గది బయటికి రాగానే తెల్లగోడ ఆకుపచ్చగా కనిపిస్తోంది. లైట్లు అమ్మినాయన నాలుగు వేల రూపాయల ప్రత్యేక కళ్లద్దాలు కొనమంటున్నాడు. కొనాలా, ఈపాటికే రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతిన్నదా అని మీ భయం. ఆరేళ్ల పాప కూడా మీ వెనకే గదిలోకి వస్తుందని చివర్లో రాశారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరు చెప్పినవి చాలావరకు కంటి అలసట లక్షణాలు, రెటీనా కాలిన లక్షణాలు కావు. నాలుగు వేల అద్దాలు ఇప్పుడు కొనకండి. మీకు ముందు కావలసింది అద్దాలు కాదు, తలుపు పక్కన ఒక స్విచ్చు. గదిలో అడుగు పెట్టగానే ఊదా లైట్లు ఆరిపోయి మామూలు తెల్ల ట్యూబులైటు వెలగాలి. మీ బాధలో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది. అద్దాల సంగతి ఆ తర్వాత.

నేను కంటి వైద్యుణ్ణి కాను. అరటి టిష్యూ కల్చర్ ల్యాబులో ఏడేళ్లు పనిచేశాను, ఎనిమిదేళ్లుగా సొంతంగా గదుల్లో ఆకుకూరలు పెంచుతున్నాను. ఈ వెలుగుల కింద గడిపిన గంటల లెక్కతోనూ, ఒకసారి కళ్లు కాల్చుకున్న అనుభవంతోనూ చెబుతున్నాను.

ముందు ఆ పచ్చగోడ సంగతి చూద్దాం. మీ లైట్లలో ఉన్నవి రెండే రంగులు (వెలుగు రంగును దాని తరంగం పొడవుతో, నానోమీటర్లలో చెబుతారు): 660 నానోమీటర్ల దగ్గర ఎరుపు, 450 దగ్గర నీలం. మూడు గంటలు ఆ రెండు రంగులనే చూసిన కంటిలో వాటిని పసిగట్టే కణాలు అలసిపోతాయి, ఆకుపచ్చను పసిగట్టేవి మాత్రం తాజాగా ఉంటాయి. బయటికి వచ్చి తెల్లగోడను చూస్తే తాజాగా ఉన్నవాటి మాటే పైచేయి అవుతుంది. ఎర్రచీరను తదేకంగా చూసి గోడ మీదికి చూపు మళ్లిస్తే ఆకుపచ్చ నీడ కనిపించడం లాంటిదే ఇది. అయిదు పది నిమిషాల్లో పోతుంది. పోయేదాకా బండి తీయకండి, అంతే. మర్నాడు ఉదయానికి కూడా రంగులు తేడాగానే ఉంటే అది వేరే సంగతి, దాని గురించి కింద రాశాను.

తలనొప్పికి కారణం ఇంకొకటి. ఎరుపూ నీలమూ కంటిలో ఒకే దూరంలో కేంద్రీకృతం కావు. నీలం రెటీనాకు కాస్త ముందు, ఎరుపు కాస్త వెనక పడతాయి. ఈ రెంటికీ మధ్య తేడా ఒక డయాప్టర్ (కళ్లద్దాల పవర్ కొలత) పైనే ఉంటుంది. మామూలు తెల్లని వెలుగులో మధ్యలో ఉన్న పసుపు, ఆకుపచ్చలను పట్టుకుని కన్ను సర్దుకుంటుంది. ఊదా వెలుగులో పట్టుకోవడానికి ఆ మధ్య భాగమే లేదు. అందుకే ఆ గదిలో ట్రే మీద అంటించిన చీటీ చదవబోతే అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. కన్ను సర్దుకోబోతుంది, కుదరదు, మళ్లీ సర్దుకోబోతుంది. మూడు గంటలు ఇలా సాగితే కణతలు లాగక ఏమవుతాయి?

దీనికి తోడు గాలి. మన గదుల్లో ఫ్యాన్లూ ఏసీలూ ఆగకుండా తిరుగుతుంటాయి. చిన్న మొలకలను పరీక్షగా చూసేటప్పుడు మనిషి రెప్ప వేయడం తగ్గిస్తాడు. కన్ను పొడిబారి మండుతుంది. మా గదిలో ఒకమ్మాయికి నెలరోజులు కళ్లు మండాయి. లైట్లు మార్చాం, అద్దాలు ఇచ్చాం, తగ్గలేదు. తీరా చూస్తే ఆమె కూర్చునే చోట టేబుల్ ఫ్యాను సరిగ్గా ముఖం ఎత్తులో ఉంది. దాన్ని గోడవైపు తిప్పాక వారంలో తగ్గింది. ఆ నెలరోజులూ ఆ ఫ్యాను నా కళ్లెదుటే తిరుగుతున్నా నాకు తట్టలేదు!

ఇక అసలు భయం, రెటీనా. భయం పూర్తిగా ఉత్తదీ కాదు, అమ్మేవాళ్లు చెప్పేంతదీ కాదు.

లెట్యూస్‌కు మనం ఇచ్చేది చదరపు మీటరుకు సెకనుకు సుమారు 200 మైక్రోమోల్స్ (మొక్క వాడుకునే వెలుగు కొలత). మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది 2000 దాకా ఉంటుంది. అంటే మీ ట్రే మీద పడేది ఎండలో పదో వంతు. ట్రే మీంచి ప్రతిఫలించిన వెలుగు మీ కంటిని ఏమీ చేయదు. తేడా ఎక్కడంటే, సూర్యుణ్ణి ఎవరూ తేరిపార చూడరు, నడినెత్తిన ఉంటాడు కాబట్టి కంట్లో పడడు. మన లైట్లు మాత్రం ర్యాకులో రెండో అరకూ మూడో అరకూ మధ్య, సరిగ్గా కళ్ల ఎత్తులో వేలాడుతుంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫోనులో లక్స్ కొలిచే యాప్ పెట్టి, 'మా గదిలో వెయ్యిన్నర లక్సే ఉంది, ఆఫీసు గదికి మూడు నాలుగింతలే కదా' అంటారు. లక్స్ అనేది మనిషి కంటికి ఎంత ప్రకాశంగా తోస్తుందో చెప్పే కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చలో అన్నిటికంటే చురుకుగా ఉంటుంది. 450, 660 దగ్గర దాని చురుకుదనం నూటికి అయిదారు పాళ్ల కంటే ఉండదు. అదే 200 మైక్రోమోల్స్ తెల్ల ఎల్ఈడీ నుంచి వస్తే లక్స్ పన్నెండు పదమూడు వేలు చూపిస్తుంది, ఎరుపూ నీలమూ మాత్రమే అయితే వెయ్యిన్నర దగ్గర ఆగిపోతుంది. శక్తి దాదాపు అంతే, కంటికి మాత్రం మసకగా తోస్తుంది. మిరుమిట్లు గొలిపే తెల్లదీపం నుంచి మీరు ఠక్కున తల తిప్పుకుంటారు. ఊదాదీపం వైపు చూస్తూ 'ఇందులో ఒక చిప్ పోయినట్టుందే' అని లెక్కపెడుతూ నిలబడతారు. ప్రమాదం ఆ నిలబడడంలో ఉంది.

నీలం వెలుగు రెటీనాకు రసాయనికంగా చేసే హాని 435, 440 నానోమీటర్ల చుట్టుపక్కల అత్యధికం. దీన్ని బట్టే దీపాలను వర్గాలుగా విడదీసే ప్రమాణం ఉంది: అంతర్జాతీయంగా ఐఈసీ 62471, మన దేశంలో ఐఎస్ 16108. మినహాయింపు (ప్రమాదం లేని) వర్గం, ఆపైన ప్రమాదం పెరిగేకొద్దీ ఒకటి, రెండు, మూడు. రెండో వర్గం అంటే పొరపాటున చూపు పడినా కన్ను తనంతట తాను మూసుకోవడం వల్ల బయటపడతాం, పట్టుబట్టి చూస్తే మాత్రం వంద సెకన్ల లోపే హద్దు దాటవచ్చు. మీ లైటు డబ్బా మీదో పత్రంలోనో ఏ వర్గమో రాసి ఉండాలి. లేకపోతే అమ్మినాయనను అడగండి. అద్దాలు అంటగట్టడానికి ముందు ఆయన చెప్పాల్సిన మాట అది.

ఇంకో చిన్న మెలిక. దీపానికి దూరం జరిగితే ట్రే మీద వెలుగు తగ్గుతుంది, నిజమే. కానీ చిప్‌ను నేరుగా చూస్తున్నప్పుడు దూరం జరిగినంత మాత్రాన దాని తీక్షణత తగ్గదు, రెటీనా మీద పడే బొమ్మ చిన్నదవుతుందంతే. అందుకే 'రెండడుగుల దూరం నుంచే చూస్తున్నాను' అనేది పూర్తి రక్షణ కాదు. చిప్‌లు నేరుగా కనబడకుండా పాలరంగు మూత ఉన్న లైట్లు ఆ రకంగా మెరుగు.

ఇప్పుడు నేను కళ్లు కాల్చుకున్న కథ. మీ ప్రశ్నలో లేదు కానీ చెప్పకుండా ఉండలేను. టిష్యూ కల్చర్‌లో మొక్కముక్కలు కోసి సీసాల్లో పెట్టే పనికి లామినార్ అని ఒక పెట్టె ఉంటుంది. లోపల సూక్ష్మజీవులను చంపడానికి 254 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) ట్యూబు. పనికి అరగంట ముందు వెలిగించి, కూర్చునే ముందు ఆర్పేయాలి. ఆ రోజు కరెంటు పోయింది, ట్యూబు ఆరింది, నేను స్విచ్చు సంగతి మరిచిపోయి కూర్చున్నాను. కరెంటు వచ్చింది. పైన తెల్ల ట్యూబులైటు వెలుతురులో యూవీ తాలూకు లేత నీలిరంగు తెలియనే లేదు. ఇరవై అయిదు నిమిషాలు అలాగే పని చేశాను. ఏ నొప్పీ లేదు, ఇంటికి వెళ్లి భోంచేసి పడుకున్నాను.

రాత్రి పదకొండింటికి మెలకువ వచ్చింది. రెండు కళ్లలో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రెప్పలు మూసి రుద్దుతున్నట్టు ఉంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. జీరో బల్బు వెలుగు కూడా సూదిలా గుచ్చుకుంది. మా అమ్మ పక్కింటి బాలింతను లేపి చనుబాలు తెస్తానని బయల్దేరింది, మా నాన్న ఆపారు. పొద్దున్నే కంటి డాక్టరు పసుపు రంగు మందు వేసి, నీలి దీపంతో చూసి, నల్లగుడ్డు పైపొర మీద చుక్కలు చుక్కలుగా లేచిపోయిందన్నారు. వెల్డింగు చేసేవాళ్లకు అయ్యేదే ఇదీ. చుక్కల మందు, ఆయింట్‌మెంటు, చీకటి గది. రెండో రోజుకు తగ్గింది.

ఈ కథలో గుర్తుంచుకోవలసింది ఆ ఆరేడు గంటల ఆలస్యం. యూవీ తగిలినప్పుడు నొప్పి ఉండదు, పైపొర కణాలు చచ్చి రాలడం మొదలయ్యాకే తెలుస్తుంది. 'ఇప్పుడు బాగానే ఉంది కదా' అనే పరీక్ష దీనికి పనికిరాదు. మీ ఊదా లైట్లలో యూవీ ఉండకపోవచ్చు, కానీ ఈ మధ్య మొక్కల రంగు పెరగడానికని 285 నుంచి 400 నానోమీటర్ల మధ్య వెలిగే పట్టీలు విడిగా అమ్ముతున్నారు, కొన్ని లైట్లలో కలిపే ఇస్తున్నారు. కొందరు నీళ్ల ట్యాంకులోనో గదిలోనో క్రిములు చావడానికి యూవీ ట్యూబు పెట్టుకుంటారు. యూవీ వెలుగుతుండగా గదిలో మనిషి ఉండకూడదు. అద్దాలు పెట్టుకుని కూడా ఉండకూడదు, మెడా చేతులూ కాలతాయి. తలుపు తీస్తే దానంతటదే ఆరిపోయే స్విచ్చు పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు గంట పని. పాత మెటల్ హాలైడ్ దీపాలు వాడే వాళ్లకు కూడా ఒక మాట: బయటి గాజు పగిలినా లోపలి గొట్టం వెలుగుతూనే ఉంటుంది, ఆ గాజు ఆపుతున్న యూవీ అంతా బయటికి వస్తుంది. పగులు కనబడితే వెంటనే మార్చేయండి.

సరే, మీ గదిలో ఏం చేయాలో చెబుతాను.

లైట్ల వేళ మార్చండి. మొక్కకు పదహారు గంటల వెలుగు కావాలి, అది పగలే అయి ఉండాలని మొక్కకేమీ పట్టింపు లేదు. రాత్రి పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా వెలిగించండి. రెండు నుంచి పది దాకా మొక్కలకు రాత్రి. మీ పని మొత్తం సాయంత్రానికి మార్చుకుని, మామూలు ట్యూబులైటు వేసుకుని చేసుకోండి. మన ఎండల్లో మధ్యాహ్నం మూడింటికి ఈ లైట్లు ఆరి ఉండడం వల్ల ఏసీ మీద భారం కూడా తగ్గుతుంది. ఆ ట్యూబులైటు వల్ల లెట్యూస్‌కూ మైక్రోగ్రీన్స్‌కూ నష్టం లేదు. చామంతి, డ్రాగన్ ఫ్రూట్ లాంటివి పెంచేవాళ్లు మాత్రం ఇలా చేయకూడదు. రాత్రి నిడివిని బట్టి పూసే మొక్కలవి, రైతులు తోటల్లో రాత్రిళ్లు బల్బులు వేలాడదీసి పూతను వాయిదా వేసేదీ, తెప్పించేదీ అందుకే.

నిద్రకు కూడా ఇది మేలు. ఇప్పుడు మీరు పడుకోబోయే ముందు మూడు గంటలు గాఢమైన నీలం వెలుగులో ఉంటున్నారు. శరీరం దాన్ని పగలనుకుని నిద్రను వెనక్కి నెడుతుంది. మీ తలనొప్పిలో దీని వాటా కూడా ఉండి ఉండవచ్చు.

ఉదయం ఏదో ఒక పని తప్పదంటే తలుపు పక్కన స్విచ్చుతో ఊదా లైట్లు ఆర్పి తెల్లది వేసుకోండి. రోజుకు అరగంట లైటు తగ్గితే లెట్యూస్ అలగదు.

ఇందులో కళ్ల లాభం ఒక్కటే కాదు. ఊదా వెలుగులో ఆకు దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎరుపునూ నీలాన్నీ ఆకు మింగేస్తుంది, వెనక్కి పంపడానికి ఆకుపచ్చ అక్కడ లేనే లేదు. మొదటి ఏడాది మేము ఆ వెలుగులోనే పంట ఏరి ప్యాకింగు చేశాం. ఒక రోజు హోటల్ నుంచి ఫోను: ఆకుల కొసలు గోధుమరంగులోకి మారి ఉన్నాయి, సగం పెట్టె వెనక్కి పంపిస్తున్నాం అని. ఇంటికొచ్చిన పెట్టె వరండాలో తెరిచి చూస్తే వాళ్ల మాట అక్షరాలా నిజం. అదే ఆకును గదిలోకి తీసుకెళ్తే ఏ లోపమూ కనబడలేదు!

ర్యాకు అంచులకు పట్టీలు కట్టండి. నేను చేసిన ఖర్చులేని పనుల్లో ఇదే ఉత్తమం. పాత ఫ్లెక్సీ బ్యానర్లు తెచ్చి ఆరంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించాం. తెల్లటి వెనక వైపు లోపలికి వచ్చేలా, లైటు కింద నుంచి ఆరంగుళాలు వేలాడేలా ర్యాకు కడ్డీకి క్లిప్పులతో బిగించాం. చిప్‌లు కంటికి కనబడవు, బయటికి పోయే వెలుగు మళ్లీ ఆకుల మీదికే పడుతుంది. చేయి పెట్టి పని చేసేటప్పుడు పట్టీ పైకి మడిచి క్లిప్పు పెడితే సరి. గాలి ఆడడానికి పట్టీల మధ్య రెండు వేళ్ల సందు వదలండి, లేకపోతే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది.

స్టూలెక్కి పై అర సర్దేటప్పుడు ముఖం సరిగ్గా లైటు ముందుకు వస్తుంది. ఆ అర లైటు ఆర్పకుండా స్టూలెక్కకూడదని మా దగ్గర నియమం.

ఒకసారి మీ లైటును ఫోను కెమెరాలో నెమ్మదిగా చూపే వీడియోగా తీసి చూడండి. నల్లటి గీతలు పాకుతున్నట్టు కనిపిస్తే అది మినుకుతోందన్నమాట. చవక డ్రైవర్లు (ఎల్ఈడీకి కరెంటు అందించే పెట్టెలు) మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుతాయి. చూపుకు తెలియకపోయినా కొందరికి తల పట్టేస్తుంది. అలా ఉంటే డ్రైవరు మార్చండి.

ఇక అద్దాలు. పై పనులన్నీ చేశాక కూడా వెలుగుతున్న లైట్ల మధ్య ఉండక తప్పని సందర్భాలు ఉంటాయి. వాటి కోసం:

మీది ఊదా లైటు కాబట్టి 'రంగులు సహజంగా కనిపించేలా చేసే' ఆకుపచ్చ ఛాయ అద్దాలు వద్దు. సోడియం దీపాలకూ, తెల్ల ఎల్ఈడీలకూ వాటికి తగిన ఛాయ అద్దాలు బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే ఆ వెలుగులో అన్ని రంగులూ ఎంతో కొంత ఉంటాయి, అద్దం ఎక్కువైనదాన్ని తగ్గిస్తుంది. మీ గది వెలుగులో ఆకుపచ్చే లేదు. లేని రంగును ఏ అద్దం పుట్టిస్తుంది? నాలుగు వేలు పెట్టి చీకటి కొనుక్కున్నట్టు అవుతుంది.

కంప్యూటర్ కోసం అమ్మే నీలం తగ్గించే అద్దాలు నీలంలో కొద్ది పాలు మాత్రమే ఆపుతాయి. కంప్యూటర్ అలసటనే అవి తగ్గించకపోవచ్చని 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి తూచే నివేదిక) చెప్పింది, ఇక ఈ లైట్లకు ఏం సరిపోతాయి?

రోడ్డు పక్క నల్లద్దాలు అసలే వద్దు. యూవీని ఆపే గుణం లేని నల్లద్దం వెలుగును మాత్రం తగ్గిస్తుంది, కంటిపాప విచ్చుకుంటుంది, ఆగని యూవీ ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది.

యూవీ భయం ఉన్నచోట, మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు, రంగులేని పాలీకార్బొనేట్ సేఫ్టీ గాగుల్స్ చాలా మంచివి. ఆ పదార్థమే దాదాపు 380 నానోమీటర్ల దాకా ఆపేస్తుంది. రెండు మూడు వందల్లో దొరుకుతాయి. చెంపల వైపు కూడా కప్పేవి తీసుకోండి, జడ్87 (అమెరికా కంటి రక్షణ ప్రమాణం) అనే ముద్ర, దాని పక్కన యూ6 (యూవీని ఆపే స్థాయి) ఉన్నవైతే ఇంకా మంచిది. నీలం కూడా తగ్గాలంటే అదే రకంలో ముదురు పసుపు లేక నారింజ రంగువి. రంగుల అద్దాలు గదిలోనే వదిలి బయటికి రండి. సాయంత్రం వేళ వాటితో బండి నడిపితే కళ్లకు కాదు, కాళ్లకు ప్రమాదం.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? చూపు మధ్యలో మచ్చ కదలకుండా ఉంటే, తలుపు చట్రం, గచ్చు గీతలు వంకరగా కనిపిస్తే, రంగులు మర్నాటికీ మామూలు కాకపోతే ఆ రోజే వెళ్లండి. రాత్రి ఇసుక పడ్డట్టు నొప్పి వస్తే తెల్లవారగానే వెళ్లండి. ఈలోగా చనుబాలు, ఆముదం, రోజ్ వాటర్, బంగాళాదుంప ముక్కలు ఏవీ కంట్లో వద్దు. నొప్పి తెలియకుండా చేసే చుక్కల మందు ఎవరి దగ్గరో మిగిలితే అదీ వద్దు, అది పదే పదే వేస్తే పైపొర మానదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లు ఈ గదుల్లో పని మొదలుపెట్టే ముందే కంటి డాక్టరుతో ఒక మాట చెప్పడం మంచిది.

పాప విషయం. పిల్లల కంటి లెన్సు పెద్దవాళ్లకన్నా స్వచ్ఛంగా ఉంటుంది, నీలం లోపలికి ఎక్కువ వెళ్తుంది. పైగా వాళ్లు మెరిసేదాన్నే చూస్తారు. లైట్లు ఆరి, తెల్ల ట్యూబు వెలుగుతున్నప్పుడు రానివ్వండి, తను కూడా నాలుగు విత్తనాలు చల్లుతుంది. ఫ్లెక్సీ పట్టీలు కట్టేటప్పుడు మాత్రం కింద నుంచి రెండో అర దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి చూడండి. మీరు నిలబడి చూస్తే కనబడని చిప్‌లు తన ఎత్తు నుంచి కనిపిస్తాయి, అక్కడ ఇంకో నాలుగంగుళాలు కిందికి దించాలి.